కడబంతి పళ్లెం

మా వైతోలో బడికి ట్యాబులు వచ్చిన ఏడాది సినీవా అత్తకు ఊళ్లో గొప్ప పేరు వచ్చింది. ఆ పేరే ఆమెను తలెత్తుకోనివ్వకుండా చేసింది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. నేను అంటాను. సముద్రం అవతల రాజధాని ఆపియాలో కాలేజీ సగంలో వదిలేసి దీవికి తిరిగొచ్చిన దగ్గర్నుంచి నా నోటికి మర్యాద లేదని ఎలాగూ అంటున్నారు, కొత్తగా పోయేదేమీ లేదు.

ఆమె మా నాన్నకు వరసకు అక్క. మా పక్కింటి పెద్ద, పెద్దరికం బిరుదుతో ఊరి సభలో మాట చెల్లే మనిషి అయిన లెయాతుకు తోడబుట్టిన అక్క. చిన్నప్పుడు అందరు పిల్లల్లాగే పెద్దలు తినగా మిగిలింది తిని పెరిగింది. పెళ్లయి ఆపియా వెళ్లాక ఒక హోటల్ వంటింట్లో పనికి కుదిరింది. అక్కడా అంతే. అతిథుల బల్లల మీంచి తిరిగొచ్చిన పళ్లేల్లోంచి ఏరుకుని, వెనక మెట్ల మీద నిలబడి తినేది. భర్త పోయాక తమ్ముడింటికి వచ్చేసింది. మా దగ్గర ఇంటిపెద్దకు అక్కచెల్లెళ్లంటే దేవుడి తర్వాత దేవుళ్లు. వచ్చిన సాయంత్రమే ఆమెకు మొదటి బంతిలో, తమ్ముడి పక్కన చాప పరిచారు.

"జుట్టు నెరిశాక తెలిసిందిరా, చేప వీపు ముక్క అంత మెత్తగా ఉంటుందని. అప్పటిదాకా చేపంటే తలా తోకా ముల్లూ అనుకున్నాను" అని నవ్వుతూ చెప్పేది.

సాయంత్రం శంఖం ఊది ప్రార్థన అయ్యాక మా ఇళ్లలో మొదట పెద్దలు కూర్చుంటారు. వాళ్ల ముందు కొబ్బరాకు పళ్లేలు పెట్టి, పిల్లలు పక్కన కూర్చుని విసనకర్రలతో ఈగలు తోలుతారు. వాళ్లు లేచాక మాలాంటి కుర్రాళ్లం, ఇంటి ఆడవాళ్లు. అందరూ అయ్యాక పిల్లలు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. మా పిల్లలకు ఆ ధీమా కూడా లేదు. వడ్డించేదీ వాళ్లే, కడబంతీ వాళ్లే.

ట్యాబులు తెచ్చింది మెరీటా అనే అమ్మాయి. ఆపియాలో పిల్లల తిండి చూసే ఒక ఆఫీసు నుంచి వచ్చింది. ఆ ట్యాబుల్లో ఒక పావురం బొమ్మ ఉంటుంది. పిల్లలు తమ పళ్లెం ఫొటో తీస్తే పావురం దాన్ని చూసి మాట్లాడుతుంది. ఆకుకూర, చేప, దుంప అన్నీ ఉంటే రొమ్ము విరిచి పాడుతుంది. నూడుల్స్, టీ మాత్రమే ఉంటే తల వాల్చి కళ్లు మూసుకుంటుంది. వీటితో పాటు వంట పాఠాల వీడియోలు కావాలి, ఊళ్లోవాళ్లే చేయాలి అంది మెరీటా. బడి పంతులు యోసువాకు నీళ్లు కాచడం కూడా రాదు. హోటల్లో పనిచేసిన మనిషి అని సినీవా అత్తను పిలిచారు.

వీటన్నిటితో పాటు ఒక పెద్ద గిన్నె కూడా వచ్చింది. బడిలో మధ్యాహ్నం పూట చేమాకు, చేప, కొబ్బరిపాలు వేసి పులుసు కాయడానికి. సరుకులు ఆఫీసువాళ్లే పంపేవారు. ఆ గిన్నె దగ్గర మొదటి బంతి, కడబంతి లేవు. వరసలో ముందు నిలబడ్డవాడికి ముందు. గరిటె సినీవా అత్త చేతిలో ఉండేది. అడుగు నుంచి తోడి, చేప ముక్క పడిందో లేదో చూసి మరీ పోసేది.

వీడియోల్లో ఆమె ధాటి చూడాలి. బడి వెనక పొయ్యి దగ్గర యోసువా ట్యాబు పట్టుకుని నిలబడేవాడు. ఆమె చెవి వెనక మందారం పెట్టుకుని మొదలుపెట్టేది.

"ఇదిగో నూడుల్స్ పొట్లం. మీద రొయ్య బొమ్మ ఉంది, చూశారా? లోపల ఆ రొయ్య ఎక్కడుందో వెతికి తెచ్చినవాళ్లకి నా చెవిపోగులిచ్చేస్తా. ఈ రొయ్య మీ తాత బిరుదులాంటిది. పేరుకే ఉంటుంది, కడుపు నిండదు."

"అక్కా, ఇది ఆపియా వెళ్తుంది. బిరుదుల మీద జోకులొద్దు" అనేవాడు యోసువా.

"వెళ్లనీ. అక్కడ బిరుదులు లేని తాతలుంటే సంతోషిస్తారు."

పిల్లలు ఆ వీడియోలు పదేపదే చూసేవాళ్లు. చేమాకు ఎందుకు బాగా ఉడకాలో, ఉడక్కపోతే గొంతు ఎలా దురద పెడుతుందో, ఆమె గొంతు గోక్కుంటూ చూపించిన తీరును బడి మొత్తం అభినయించేది. డబ్బా మాంసం కొవ్వును ఎండలో పెట్టి, అది కరిగి మళ్లీ గడ్డకట్టడం చూపించి, "ఇది మీ పొట్టలో కూడా ఇలాగే కూర్చుంటుంది, లేవమన్నా లేవదు, మీ బాబాయిలాగ" అంటే పడీపడీ నవ్వేవాళ్లు. నా వైపు చూసి నవ్వేవాళ్లు. సరే.

తప్పు జరిగింది మొదటి ఇంటిపని రోజున. ఇంటికి వెళ్లి రాత్రి తిండి పళ్లెం ఫొటో తీసుకురండి అని చెప్పారు. మర్నాడు ట్యాబులన్నీ బల్ల మీద పరిచి చూస్తోంది అత్త. లెయాతు మనవరాలు యానెటా ట్యాబులో ఒక ఫొటో ఉంది. చేమదుంప కొస ఒకటి, కండ లేని చేప తల, చల్లారిన టీ కప్పు. పావురం కళ్లు మూసుకుంది.

నేను అప్పుడు పక్కనే ఉండి ట్యాబులకు ఛార్జింగ్ పెడుతున్నాను. అత్త మొహం చూశాను. ఆ చేప వీపు ముక్క రాత్రి తిన్నది ఆమే. నాకు తెలుసు, చాలా రాత్రులు నేనూ వాళ్లింట్లోనే తింటాను.

"ఏంటే ఇది?" అంది గొంతు తగ్గించి.

"నా పళ్లెం, మామ్మా."

"ఇదా ఆపియాకి చూపించేది? లెయాతు ఇంట్లో పిల్లకి ఇది పెడతారనుకోరూ? పరువు తక్కువ. తీసెయ్యి."

"మరేం తియ్యను?"

"తాత ముందు పెట్టే పళ్లెం ఉంటుందిగా, నిండుగా. అది తియ్యి. అది మన ఇంటి పళ్లెం."

తర్వాత బడి మొత్తానికీ అదే చెప్పింది. పళ్లెం నిండుగా ఉన్నప్పుడు తియ్యాలి, మొదటి బంతి పళ్లెమే తియ్యాలి అని. పిల్లల్లో ఒక్కరికి కూడా అది అబద్ధమనిపించలేదు. యోసువాకూ అనిపించలేదు. నిజం చెప్పాలంటే నాకూ అనిపించలేదు. ఇంటికొచ్చిన మనిషి మీరేం తింటారని అడిగితే నిండు పళ్లెం చూపిస్తాం గాని, నాకిన ఎముక చూపిస్తామా. అది మా ఒంట్లో ఉంది.

అప్పట్నుంచి వైతోలో పావురాలు పాడటమే పాడటం. కాల్చిన సీమపనస, కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు, ముక్కలు చేయని చేప. పిల్లలు ఒక చేత్తో విసురుతూ ఇంకో చేత్తో ఫొటో తీసేవాళ్లు. యోసువా వాటిని సిగ్నల్ దొరికే చర్చి మెట్ట ఎక్కి ఆపియాకు పంపేవాడు.

సెప్టెంబరు చివర్లో మెరీటా వచ్చింది. పెద్దల సభ కూర్చునే ఇంట్లో తెల్ల దుప్పటి కట్టి ఫొటోలు వేసింది. దీవి మొత్తం మీద మా పిల్లల పళ్లేలే మొదటి స్థానంలో ఉన్నాయని చెప్పింది. పెద్దలు స్తంభాలకు ఆనుకుని కూర్చుని చూస్తున్నారు. ఒకదాని తర్వాత ఒకటి పళ్లేలు వస్తున్నాయి.

"ఆ నీలం అంచు కప్పు మా ఇంట్లోదే" అన్నాడు ఒక ముసలాయన.

"చేప తోక విరిగిన పళ్లెం కూడా నీదేగా. వడ్డించకముందే తోక విరిచావు" అన్నాడు ఇంకొకాయన.

అందరూ నవ్వారు. తర్వాతి పళ్లెం వచ్చింది. దాని అంచున ఒక మోకాలు, మోకాలి కింద నల్లటి పచ్చబొట్టు. ఆ పచ్చబొట్టు పెద్దల్లో ఎవరిదో సభలో అందరికీ తెలుసు. నవ్వు కొంచెం తగ్గింది. ఇంకో పళ్లెం పక్కన లెయాతు చేతికర్ర కనబడింది. తెర మీదున్నవి పిల్లల పళ్లేలు కావని ఆ నిమిషంలో అందరికీ అర్థమైంది. అర్థమైందని పక్కవాడికి తెలియకుండా ఉండాలని ఎవరి చూపు వాళ్లు చాప మీదకు దించుకున్నారు.

మెరీటా లెయాతు చేతికి ప్రశంసా పత్రం ఇచ్చింది. సినీవా అత్త మెడలో పూసల దండ వేసింది. వేసి ఇంకో మాట చెప్పింది.

"మీ పిల్లలు ఇళ్లల్లో ఇంత బాగా తింటున్నారు. మాకు గిన్నెలు తక్కువ ఉన్నాయి. తీరం వెంట అవతల ఉన్న ఊళ్లో పిల్లల పళ్లేలు చూస్తే మా పావురం తల ఎత్తడం లేదు. మీరేమీ అనుకోకపోతే, పిల్లల పండగ ఆదివారం దాటగానే ఇక్కడి గిన్నె, సరుకులు అక్కడికి పంపిస్తాం."

పెద్దలు మర్యాదగా చప్పట్లు కొట్టారు. అంతకంటే ఏం చేస్తారు. లెయాతు ఆ పత్రాన్ని ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. అత్త నోరు తెరిచింది. తమ్ముడి ఒళ్లో ఉన్న కాగితం చూసి మూసుకుంది. పూసల దండను మాత్రం చేత్తో పట్టుకుని కూర్చుంది.

మర్నాడు గిన్నె దగ్గర వరసలో యానెటా వంతు వచ్చింది.

"మామ్మా, గిన్నె పోతోందంట కదా. మేం బాగా తీశాం కదా ఫొటోలు?"

"బాగా తీశారు."

"మరెందుకు పోతోంది?"

"బాగా తీశారు కాబట్టే పోతోంది."

"ముందే చెప్తే మేం బాగా తీసేవాళ్లం కాదుగా" అంది ఆ పిల్ల, తప్పు తనదే అయినట్టు. అత్త చేతిలో గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. వెనకవాళ్లు తోసుకుంటున్నారు.

ఆ సాయంత్రం యోసువా దగ్గరకు వెళ్లి మెరీటాకు నిజం చెప్పమంది.

"ఆ ఫొటోలు పంపింది నేను, అక్కా. చూసే పంపాను" అన్నాడు అతను. "ఇప్పుడు కాదంటే ముందు నా ఉద్యోగం, తర్వాత మీ తమ్ముడి పరువు. ఏదో వచ్చే ఏడాది మెల్లిగా చూసుకుందాం."

"వచ్చే ఏడాది దాకా పిల్లలు మెల్లిగా తింటారా?"

"ఊరు మొత్తానికి లేని సిగ్గు మీకెందుకక్కా?"

"ఊరు వీడియోలో లేదు. నేనున్నాను."

అన్నదే గాని ఆమె కూడా వెంటనే చెప్పలేదు. ఫోను తీసుకుని చర్చి మెట్ట ఎక్కడం, పైన కాసేపు నిలబడటం, దిగిరావడం చూశాను. మళ్లీ ఎక్కింది, మళ్లీ దిగింది. కొత్త పాఠం తీద్దామని యోసువా అంటే పొయ్యి పొగ వల్ల కళ్లు మండుతున్నాయంది. మందారం పెట్టుకోవడం మానేసింది. రాత్రి తమ్ముడి పక్కన కూర్చుని, కడుపులో బాగాలేదని చేప ముక్క పళ్లెంలోనే వదిలేసేది. యానెటా విసురుతూనే కళ్లు ఆ ముక్క మీద పెట్టేది. కాని వదిలిన ముక్క కడబంతి దాకా ఎక్కడ వెళ్తుంది. మధ్యలో మాలాంటివాళ్లం ఉన్నాం కదా.

అక్టోబరులో పిల్లల పండగ ఆదివారం వచ్చింది. ఏడాదికి ఆ ఒక్కరోజు మా లోకం తలకిందులవుతుంది. పిల్లలు తెల్లబట్టలు కట్టుకుని చర్చిలో వాక్యాలు అప్పచెబుతారు. ఇంటికొచ్చాక వాళ్లు మొదటి బంతిలో కూర్చుంటారు. పెద్దలు వడ్డిస్తారు, విసురుతారు. లెయాతు కూడా విసనకర్ర పట్టుకుని మనవరాలి పక్కన కూర్చుని, "అమ్మగారికి ఇంకో ముక్క వెయ్యమంటారా?" అని వంగి అడుగుతుంటే ఇల్లంతా నవ్వు. రాళ్ల పొయ్యిలో కాల్చిన పంది, చేమాకు పొట్లాలు, ముక్కలు చేయని చేపలు. పిల్లలు కసిగా తిన్నారు. అంతకంటే మంచి మాట నాకు దొరకడం లేదు.

వాళ్లు లేచాక పెద్దలు కూర్చున్నారు. లెయాతు ముందుకు వచ్చిన పళ్లెంలో దుంప కొసలు, ఒక చేప తల, ఎముకలు. అది కూడా పండగ సరదాలో భాగమే. ఆయన చేప తలను వేలితో తిప్పి, "దీన్ని నేనెక్కడో చూశాను. సభలో నా ఎదురుగా కూర్చుంటుంది" అన్నాడు. మళ్లీ నవ్వులు.

"యానెటా, ట్యాబు పట్రావే" అంది అత్త. "తాత పళ్లెం ఫొటో తియ్యి."

పిల్ల తీసింది. పావురం తల వాల్చి కళ్లు మూసుకుంది. "ఈ పళ్లెంలో ఆకుకూర లేదు. రేపు బాగా తిను, సరేనా?" అంది చిన్నపిల్ల గొంతుతో.

"చూశారా, నా మీద జాలిపడ్డది ఈ పావురం ఒక్కటే" అన్నాడు లెయాతు. ఆయన భార్య నవ్వు ఆపుకోలేక చాప మీద ఒరిగింది.

అత్త నవ్వలేదు. "తమ్ముడూ, రోజూ ఈ పళ్లెం యానెటాది" అంది.

నవ్వు ఒక్కసారిగా ఆగలేదు. ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వచ్చింది.

"మొదటి రోజు ఇదే ఫొటో తీసింది ఆ పిల్ల. నేనే తీయించేశాను. నీ పళ్లెం తియ్యమన్నాను. ఊళ్లో పిల్లలందరికీ అదే చెప్పాను. నీ పరువు కోసమని అనుకున్నాను. కాదు. కెమెరా ముందు పిల్లలకి పాఠాలు చెప్పి, చీకటి పడగానే నీ పక్కన కూర్చుని వాళ్ల చేప తినేది నేను. నా పరువు కాపాడుకున్నాను."

లెయాతు విసనకర్ర కింద పెట్టాడు.

"పండగ పూట ఈ మాట అవసరమా, అక్కా?"

"పండగ పూట తప్ప నీ ముందుకి ఈ పళ్లెం రాదు కదా."

ఆయన లేచి సముద్రం వైపు వెళ్లిపోయాడు. పళ్లెం అక్కడే ఉంది. దాన్ని ఎవరు తియ్యాలో తెలియక ఎవరూ తియ్యలేదు.

మంగళవారం గిన్నె కోసం బండి వచ్చింది. మెరీటా కూడా దిగింది. అత్త గిన్నెను ఇసుకతో తోమి, తిరగేసి పెట్టి, పక్కన నిలబడి ఉంది. ఉన్నదున్నట్టు చెప్పింది. యోసువా పేరు చెప్పలేదు. పక్కన నిలబడ్డ యోసువా, "నేను చూసే పంపాను" అని తనే అన్నాడు, ఎవరికీ వినబడకపోతే బాగుండునన్నట్టు.

మెరీటాకు కోపం వస్తుందనుకున్నాను. ఆ అమ్మాయి బండి తలుపు పట్టుకుని కిందకు చూస్తూ నిలబడింది.

"నేనూ ఈ దీవి పిల్లనే" అంది చివరికి. "మా తాత పక్కన కూర్చుని విసిరినదాన్నే. నన్ను అడిగినా ఆయన పళ్లెమే తీసేదాన్ని. ఇది ఎవరు తినే పళ్లెం అని ఒక్కసారి కూడా అడగాలనిపించలేదు నాకు."

"గిన్నె ఉంచుతావా అమ్మా?"

"అక్కడ పిల్లలకి చెప్పేశాం. పొద్దున్నుంచి దారి చూస్తుంటారు. ఇప్పుడు రాలేదని ఎలా చెప్పను? కొత్త ఫొటోలు పంపండి. నిజమైనవి. ఫిబ్రవరిలో బడి తెరిచేటప్పటికి ఏదో ఒకటి చేస్తాను. మాటివ్వలేను."

అత్త గిన్నె నెత్తిన పెట్టుకుని తనే బండి దాకా మోసింది. పిల్లలు కిటికీల దగ్గర నిలబడి చూశారు. ఆమె వాళ్ల వైపు తిరగలేదు.

ఆ తర్వాత ఊళ్లో బంతుల వరస మారిందని రాస్తే అబద్ధం అవుతుంది. మారలేదు. ఇంటి స్తంభానికి తగిలించుకున్న ఆ ప్రశంసా పత్రాన్ని లెయాతు తీసేశాడు. ఎక్కడ పెట్టాడో ఎవరూ అడగలేదు. తినేటప్పుడు పిల్లలకు వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు. మారింది ఒక్కటే. అత్త ఆయన పక్కన చాప మీద కూర్చోవడం మానేసింది. పిల్లలతో పాటు కడబంతిలో కూర్చుంటానంది.

లెయాతు భార్య లబోదిబోమంది. "నీకు దండం పెడతా వదినా. ఆడపడుచుని చివర్లో కూర్చోబెట్టి ఎంగిలి పెట్టానని ఊరు నా మొహాన ఉమ్మేస్తుంది."

"అయితే ఎంగిలి పెట్టకు."

వేరే దారి లేదు. ఇంటిపెద్ద అక్క ఎక్కడ కూర్చుంటే అక్కడికి మంచి పళ్లెం రావాలి. అది ఎవరూ దాటలేని కట్టుబాటు. అందుకని ఒక చేప, మూత పెట్టి, మాలాంటివాళ్ల చేతులు దాటి, కడబంతి దాకా చెక్కుచెదరకుండా రావడం మొదలైంది. అత్త వెన్ను ముల్లు ఒక్క లాగులో తీసేసి, పిల్లల పళ్లేల్లోకి పంచేది.

ఒకరోజు ప్రార్థన అయ్యాక నేను వాళ్లింట్లోనే ఉన్నాను. అందరూ లేచాక అత్త పిల్లల మధ్య కూర్చుంది. మూత తీసింది. యానెటా తన పళ్లెం ముందు పెట్టుకుని ట్యాబు ఎత్తి, ఆగింది. పళ్లెంలో దుంప కొస మాత్రమే ఉంది.

"మామ్మా, చేప ఇప్పుడే వెయ్యకు" అంది చెవిలో చెబుతున్నట్టు, కాని అందరికీ వినబడేలా. "ముందు ఫొటో తీసేస్తాను. పావురం కళ్లు మూసుకున్నాక వెయ్యి. అప్పుడు గిన్నె తిరిగొస్తుంది."

మిగతా పిల్లలు వెంటనే తమ పళ్లేలు వెనక్కి లాక్కున్నారు. ఎంత మంచి ఉపాయమో అందరికీ తెలిసిపోయింది.

అత్త చేతిలో చేప ముక్క ఉంది. ఆమె ఆ పిల్లను తిట్టలేదు. తిట్టడానికి ఆమెకు నోరెక్కడిది. మెడ మీద నుంచి చెవుల దాకా ఎర్రబడటం దీపం వెలుతురులో కూడా కనబడింది. అటు తిరిగి కూర్చున్న లెయాతు వీపు కూడా కదలడం మానేసింది.

"ఎవరు నేర్పారే నీకిది?" అంది.

యానెటా ఆశ్చర్యంగా చూసింది. అది ప్రశ్నే కాదన్నట్టు.

అత్త చేప ముక్కను పిల్ల పళ్లెంలో పెట్టింది. మిగతా పళ్లేల్లోనూ పెట్టింది, ఒక్కోటీ ముందుకు లాగి. చేతులు తుడుచుకుంది.

"ఇప్పుడు తియ్యి."

"గిన్నె రాదేమో, మామ్మా."

"తెలుసు. తియ్యి."

పిల్ల తీసింది. పావురం సగం తలెత్తింది. ఆకుకూర లేదంది. అత్త మాత్రం తల దించుకునే ముళ్లు ఏరుతూ కూర్చుంది.